రత్నం బాగుందో లేదో చూసిరమ్మంటే

మార్కాపురంలో మా వీధి ఆడవాళ్లు తిరపతి చూసినారు, శ్రీశైలం చూసినారు, ఒకరిద్దరు కాశీ కూడా చూసొచ్చి ఆ మాట రోజుకొక్కసారన్నా గుర్తుచేస్తుంటారు. నలభై మైళ్లు కూడా లేని గిద్దలూరు మాత్రం ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. మొక్కు లేని ఊరికి ఎవరు పోతారు? నేను పోయొచ్చినాను. వచ్చిన కాడి నుంచి సాయంత్రమైతే చాలు, అరుగు మీద చేరి చెప్పు చెప్పు అని ప్రాణం తీస్తున్నారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకని మా పెద్దోడి నోటుబుక్కులో మిగిలిపోయిన కాగితాల మీద రాస్తున్నాను. నేను చదివింది రెండో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే మీరే సర్దుకోండి. జ్ఞాపకంలో మాత్రం వంకర లేదు. ఎవరు ఏ మాట అన్నారో ఆ మాటే రాస్తాను.

ఎందుకు పోవాల్సి వచ్చిందంటే

నయాపైసలు వచ్చిన కొత్త. మా అన్న కిరాణా దుకాణంలో రోజంతా అణాలకూ నయాపైసలకూ కొట్లాట. ఆ కొట్లాటలో కూడా మా అన్నకు ఒకటే దిగులు, మా చెల్లెలు రత్నం.

రత్నం మా అందరికంటే చిన్నది. మా నాయన పోయేనాటికి దానికి నాలుగేళ్లు. అన్నే చంకనేసుకొని దుకాణంలో బెల్లం ముక్క చేతికిచ్చి పెంచినాడు. గిద్దలూరు సంబంధం కూడా అన్నే చూసి చేసినాడు. మా మరిది రంగయ్యకు బజారులో బట్టల కొట్టు ఉండేది. ఎనిమిదేళ్లు బాగానే నడిపినాడు. పోయిన ఏడు, ఎవరికీ చెప్పకుండా ఆ కొట్టు ఇంకొకరికి అప్పజెప్పి, కొండ కింద ఒక పల్లెకు కాపురం మార్చి, గొర్రెలు కొన్నాడు.

గొర్రెలు! మా ఇంటావంటా తక్కెడ పట్టిన చేతులే గాని కర్ర పట్టిన చేతులు లేవు. పైగా మేం మాంసం ముట్టని వాళ్లం. ఆ మాట తెలిసిన రోజు మా అన్న అన్నం ముందు నుంచి లేచిపోయినాడు.

రత్నం నుంచి నెలకొక కార్డు వస్తుంది. 'మేము క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. మేము బాగున్నాము.' అంతే. అన్న ఆ కార్డు వెలుతురుకు పెట్టి చూస్తాడు, అక్షరాల వెనక ఇంకేమన్నా దాక్కోనుందేమో అని.

"బాగున్నోళ్లు బాగున్నామని రెండుసార్లు రాస్తారా ఈశ్వరీ?" అన్నాడు నాతో. "అది ఏడుస్తా రాసింది. నువ్వు పో. ఇల్లు చూడు. ఇత్తడి ఎంతుంది, ఇంటి మీద కప్పేంది, తినేది వరన్నమా కొర్రన్నమా, చెవులకు మెడకు ఏమున్నాయి, అన్నీ చూసిరా. రంగయ్య చేత పలకల దుకాణం పెట్టించడానికి బజారులో గది మాట్లాడి పెట్టినా. వచ్చే శుక్రవారం దాకా ఆపుతామన్నారు. కష్టంలో ఉంది అని నువ్వొక్క మాట అను చాలు, ఇద్దర్నీ సామాన్లతో సహా తోలుకొచ్చి ఆ గదిలో కూర్చోబెడతా."

అంటే, రత్నం ఆ ఊళ్లో ఉండాల్నా వద్దా అనేది నా నోట్లో మాట అయిపోయింది. నా నోటికి అంత విలువ అంతకుముందు ఎవరూ ఇచ్చింది లేదు. అదే గర్వంగా బయలుదేరినా. వస్తున్నామని ముందే కార్డు రాసినాం. అదే మేం చేసిన పొరపాటని తర్వాత తెలిసింది.

నాకు తోడు మా మేనత్త సుబ్బమ్మ. డెబ్బై ఏళ్లు. మడి మనిషి. పరాయి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగదు. నోరు మాత్రం ఏ ఊళ్లోనైనా నడుస్తుంది.

రైల్లో

మార్కాపురం రోడ్డు స్టేషను నుంచి చిన్న రైలు. ఎక్కినాక పావుగంటకే మా అత్త తెల్లచీర మీద బొగ్గు నుసి పడి నువ్వులు ఎండబోసినట్టు అయింది. దులపబోతే నల్లగా అలుక్కుంది. ఆ కోపంతో ఎదురుగా కూర్చున్న ఆమెతో మాటలు మొదలుపెట్టింది. ఆమెది కొనకనమిట్ల పక్క పల్లె. కంభంలో కూతురు పురిటికి పోతోంది. ఒళ్లో బుట్ట, బుట్టలో కోడిపెట్ట.

"మీకు ఎన్నెకరాలమ్మా?" అంది ఆమె నాతో.

"మాకు భూముల్లేవమ్మా, దుకాణం."

"ఒక్క సెంటు కూడా?"

"ఒక్క సెంటు కూడా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో తల్లీ," అంది. నా మెడలో చంద్రహారం, చేతికి నాలుగు గాజులు చూస్తానే అయ్యో తల్లీ అంది!

"అయితే వానొస్తే మీరు దేనికి సంతోషపడతారు?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

మా అత్త అందుకుంది. "వానొస్తే సంతోషమేందే పిచ్చిదానా! వానొస్తే బెల్లం చెమ్మగిల్లుతుందని ఏడుస్తాం."

ఆమె, నేను, అటుపక్క బెంచీ వాళ్లు అందరం నవ్వినాం. కోడి కూడా ఏదో అనింది. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. కిటికీలోంచి చూస్తా ఆలోచించినా. మా ఇంట్లో సరుకు దిగితే హడావుడి, సరుకు పోతే హడావుడి, పండగొస్తే ఇంకా హడావుడి. సంతోషం ఎప్పుడని ఎవరన్నా అడిగితే చూసి చెప్తాననాల్సిందే.

కంభంలో దిగబడినాం

కంభం స్టేషన్లో అత్త నీళ్లకని దిగింది. కొళాయిని ఎవరెవరు ముట్టుకున్నారో అని దాన్ని మూడుసార్లు మట్టితో తోమి, ఆపైన చెంబు తోమి, ఆపైన చేతులు తోముకొనేసరికి బండి కూత వేసింది. నేను మూటలు కిటికీలోంచి కిందికేసి, నేనూ దిగినా. బండి పోయింది. అత్త నిండు చెంబుతో నిలబడి, "చూడు, ముసలిమనిషి దిగిందని కూడా లేదు వాడికి," అంది, డ్రైవరు మా పెదనాన్న కొడుకైనట్టు.

తర్వాతి బండి రేపు పొద్దున. కొనకనమిట్ల ఆమె మమ్మల్ని వదలకుండా కూతురింటికి తీసుకుపోయి అరుగు మీద చాప వేసింది. అన్నం పెడతానంటే అత్త ససేమిరా అంది. నాకు ఆకలి దంచేస్తోంది. అత్త ఉపవాసముంటే నేనెట్ల తినేది? అంతలో వీధి చివర మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది. అత్త ముక్కు అటు తిరిగింది.

"నూనెలో మునిగింది గంగలో మునిగినట్టే. దోషం లేదు," అంది.

ఆరు బజ్జీలు తినింది. అణా ఇస్తే ఆరు నయాపైసలే లెక్క అని బజ్జీలవాడు, ఆరుంపావు అని మా అత్త. పావు నయాపైస ఇంకా పుట్టలేదత్తా అంటే వినదు. చివరికి ఆ పావుకు ఒక ఉల్లిపాయ ముక్క వేయించుకుంది.

సాయంత్రం చెరువు కట్ట మీదికి పోయినాం. మా మార్కాపురంలో ఎటు చూసినా పలక దుమ్ము, నీళ్లు కూడా బూడిదరంగే అనిపిస్తాయి. అక్కడ ఒక పక్క కొండల దాకా నీళ్లు, ఇంకో పక్క కళ్లు నొప్పి పుట్టేంత పచ్చని వరిమళ్లు. అత్త చాలాసేపు చూసి, "ఇంత చెరువుకు బట్టలు ఉతుకుతున్నది ఒక్కతేనే. ఎంత వృథా!" అంది.

గిద్దలూరు బజారు

గిద్దలూరులో మాట మారిపోతుంది. మనం ఎవరన్నా కనబడితే ఎప్పుడొచ్చినావు అంటాం. అక్కడ తెలియనివాడు కూడా ముందు "బువ్వ తింటిరా?" అంటాడు. తినలేదంటే దారి చూపిస్తాడు. అట్ల చూపిస్తే ఒక పూటకూళ్లింట్లో ఉగ్గాని తిన్నాను. బొరుగులు నానబెట్టి, పిండి, తాలింపు పెట్టి, మీద పుట్నాలపొడి చల్లుతారు. మనం బొరుగులంటే పిల్లకాయల చేతిలో పోసేవే అనుకుంటాం. అక్కడ మగవాళ్లు బారు కట్టి తింటున్నారు. అత్తకు బజ్జీలే దిక్కయినాయి మళ్లీ.

మా మరిది పాత కొట్టు ఎక్కడని అడుగుతా పోయినా. ఇప్పుడు ఇంకొకాయన నడుపుతున్నాడు. సన్నగా, పసుపుపచ్చగా ఉన్నాడు మనిషి. గల్లా ముందు కూర్చొని పొట్ట మీద చెయ్యి పెట్టుకోనున్నాడు.

"రంగయ్య వదినగారా? రండమ్మా, కూర్చోండి. మంచోడే రంగయ్య. బంగారం లాంటి బేరం వదులుకొని గొర్రెల వెంట పోయినాడు. బుద్ధి చెడింది, ఏం చేస్తాం." అని మూలిగినాడు.

"ఏందయ్యా, ఒంట్లో బాగలేదా?"

"కడుపునొప్పమ్మా. ఈ గల్లా ముందు కూర్చున్న కాన్నుంచి పట్టుకుంది. రంగయ్యకూ ఇదే నొప్పంట. పోతా పోతా దుకాణంతోబాటు దీన్ని కూడా నాకిచ్చిపోయినాడు."

మా అత్త ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "వాము నమలు నాయనా," అని చెప్పి లేచింది. నాకప్పుడే గుర్తొచ్చింది. మా మరిది పెళ్లిపీటల మీద కూడా పొట్ట పట్టుకొనే కూర్చున్నాడు. సిగ్గనుకున్నాం.

రత్నం ఇల్లు

గిద్దలూరు నుంచి ఎద్దులబండి. మధ్యాహ్నానికి పల్లె చేరినాం. కొండ ఊరికి ఎంత దగ్గరంటే నీడ ఇళ్ల మీద పడుతుంది. బండివాడు ఒక బోదకొట్టం ముందు ఆపినాడు. కప్పు మీద గడ్డి ఒకపక్క పలచబడి వెదుర్లు కనబడుతున్నాయి. 'అన్న అన్నది నిజమే' అనుకుంటా బండి దిగినా.

లోపలికి అడుగుపెట్టినాక నా నోరు తెరుచుకొనే ఉండిపోయింది. గోడ వారంతా ఇత్తడి. బిందె మీద బిందె, గంగాళం, మూడు గుండిగలు, ఆరు చెంబులు, ఎత్తు దీపపుసెమ్మెలు రెండు. మధ్యలో చేతుల కుర్చీ. రత్నం, ఆ ఉడుకులో, ఎర్ర పట్టుచీర కట్టుకొని చెమటలు కారుస్తా నిలబడింది. మెడలో కాసుల దండ.

"రా అక్కా. రా అత్తా," అంది, చదివిన పాఠం అప్పజెప్పినట్టు.

మా అత్త చుట్టూ చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓసి పిల్లా! గొర్రెల్లో ఇంతుందా! మీ అన్న ఊరికే ఏడుస్తున్నాడే!"

మరిది నన్ను కుర్చీలో కూర్చోమని ఒకటే బలవంతం. కూర్చున్నా. వెనక్కి తిరిగితే చాలు, అది ఇవ్వు వదినా, ఇది చూడు వదినా అని ముందుకే తిప్పుతున్నాడు. భోజనం సన్నబియ్యం, గడ్డపెరుగు. రత్నం చేత్తో వండిందని అత్త కూడా కడుపునిండా తినింది. తిన్నంతసేపూ మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏదో నాటకంలో మాట మర్చిపోయినవాళ్ల మాదిరి ఉన్నారు.

భోజనమయినాక నేను గ్లాసు కడగబోయినా. మనకు పెళ్లి సామాన్ల మీద పేర్లు కొట్టించే అలవాటుంది గదా. దాని మీద కూడా చుక్కలు చుక్కలుగా పేరుంది. రెండో తరగతి చదువు, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివినా. ఎ, ల్ల, మ్మ. సరే, ఎవరో ఎల్లమ్మ కానుకిచ్చింది అనుకున్నా. పక్క బిందె చూసినా. గంగిరెడ్డి కూతురు పెళ్లి. గుండిగ మీద బాలన్న. గంగాళం మీద ఎవరిదో వ్రతం. దీపపుసెమ్మె మీద 'రామమందిరమునకు సమర్పణ' అనుంది. అప్పుడు పోయి కుర్చీ వెనక్కి తిప్పినా. తెల్లరంగుతో పెద్ద అక్షరాలు, 'ప్రాథమిక పాఠశాల'.

అంతలో వాకిట్లో ఒక ఆడమనిషి. "రత్నమక్కా, మా బిందె..." అని, నన్ను చూసి నాలిక కరుచుకొని, "అదే, మా బిందె మాదిరి మీకూ ఉందే అని చూడొచ్చినా," అంది.

"నీ పేరేందమ్మా?" అన్నాను.

"ఎల్లమ్మ."

"నీ గ్లాసు కూడా కడిగిపెట్టినా, తీసుకుపోతావా?"

ఎల్లమ్మ చెంగు నోట్లో కుక్కుకొని పరుగెత్తింది. ఆ వెనకనే బడిపంతులు. గడప దగ్గరే నిలబడి మా మరిదికి సైగలు చేస్తున్నాడు. పొద్దుననుంచి నిలబడే పాఠం చెప్తున్నాడంట, కాళ్లు లాగుతున్నాయంట.

మా అత్తకు చదువు రాదు గాని తెలివికేం తక్కువ! "ఒసేయ్ రత్నం, ఈ ఇంట్లో మీవి ఏవే?" అంది.

రత్నం కాసుల దండ తీసి గూట్లో పెట్టింది. దాన్ని చూస్తే ఏడుపు, నన్ను చూస్తే నవ్వు వస్తున్నాయి దానికి. నేను నవ్వినా. ఇంక ఇద్దరం గోడకు ఆనుకొని, కడుపు పట్టుకొని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వినాం. అయితే దాని కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

"అన్న పంపినాడని తెలుసక్కా. ఇల్లు బోసిగా ఉంటే చూసి తోలుకుపోతారని. ఊరంతా తిరిగి అడిగినా. ఒక్కరు లేదనలేదు. రామమందిరం సెమ్మెలు కూడా పూజారే తెచ్చి పెట్టినాడు. రత్నమక్క పోకుండా ఉండాలంటే ఏం కావాల్నో తీసుకుపోండి అన్నారు."

"నీకిక్కడ బాగుందని చెప్తే సరిపోయేది గదే?"

"నేను చెప్తే ఎవరు నమ్మినారు? కార్డులో రెండుసార్లు రాసినా నమ్మలేదు గదా. మీరు నమ్మేది ఇత్తడినే."

నా చంద్రహారం మెడకు బరువైంది ఆ క్షణాన.

సొంత ఇల్లు

సాయంత్రానికి ఎవరి సామాన్లు వాళ్లకు చేరినాయి. రత్నం నేతచీరకు మారింది. చెవుల్లో వేపపుల్లలు. కమ్మలు గొర్రెలయినాయంట. ఇంట్లో మిగిలింది రెండు బిందెలు, నాలుగు కంచాలు, ఒక తిరగలి. ఆ మిగిలినదాంట్లో రెండు రోజులున్నాం. అదే నేను మీకు చెప్పాలనుకున్న ఊరు.

పొద్దున సజ్జరొట్టె, దాంట్లోకి చెనక్కాయలు నూరిన పచ్చడి, ఊరిబిండి అంటారు. మధ్యాహ్నం కొర్రన్నం, చింతచిగురు పప్పు. కొర్రన్నం అంటే మనింట్లో జబ్బుచేసినవాళ్లకు, పనివాళ్లకు. నేను మూడుసార్లు పెట్టించుకున్నా. మనం మగవాళ్లందరూ తిని లేచినాక తింటాం. అక్కడ రత్నం, మరిది ఎదురెదురుగా కూర్చొని తింటారు. అత్త మొదటిపూట మొహం తిప్పుకుంది. రెండోపూట తనే మధ్యలో కూర్చుంది.

గొర్రెలు పగలు కొండవారన మేస్తాయి. రాత్రికి ఎవరి చేలో మంద కట్టమంటే వాళ్ల చేలో కడతారు, ఎరువుకు. దానికి గింజలిస్తారు. ఉన్నితో కంబళ్లు. మల్లన్న అని గొర్రెల మనిషి మరిదితో పొత్తు. మల్లన్న పొట్టేలు పిల్లల్ని తన వంతు కింద తీసుకుపోతాడు. ఎక్కడికని మరిది అడగడు, మల్లన్న చెప్పడు. ముసలి గొర్రెల్ని మాత్రం మరిది వదలడు. ఊళ్లోవాళ్లు ఆ మందకు సత్రం అని పేరు పెట్టినారు.

మా ముందు నాటకం అయిపోయింది గాబట్టి మొగుడూ పెళ్లాం మామూలయిపోయినారు. మామూలంటే పోట్లాట. ఆ సాయంత్రం మరిది ఒక కుంటి గొర్రెను చంకలో పెట్టుకొచ్చినాడు.

"దీనికి కాలు బెణికింది. ఇంట్లో పడుకుంటుంది."

"అది ఇంట్లో పడుకుంటే నేను బయట పడుకుంటా," అంది రత్నం.

"పడుకో. గాలి బాగొస్తుంది."

"పోయిన వారం కూడా ఒకదాన్ని తెచ్చి నా చాప తినిపించినావు!"

"చాప పాతది. దానికీ తెలుసు. నువ్వు పప్పులో ఉప్పు ఎక్కువేస్తే నేనేమన్నా అన్నానా?"

"అన్నావు! అనకుండా ఎప్పుడున్నావు!"

మా అత్త తీర్పు చెప్పబోయింది. ఇద్దరూ కలిసి నువ్వుండత్తా అన్నారు. గొర్రె మాత్రం ఎవరి మాటా వినకుండా లోపలికి పోయి పడుకుంది.

నేను రత్నాన్ని పక్కకు పిలిచినా. "ఇదేందే, రోజూ ఇట్లనేనా?"

"రోజూ!" అంది, మనం కొత్తగా చేయించుకున్న నగ చూపించినట్టు. "అక్కా, కొట్లో ఉన్న ఎనిమిదేళ్లు పప్పులో ఉప్పు లేకపోయినా ఆయనకు తెలిసేది కాదు. పగలంతా బేరగాళ్లకు నవ్వి నవ్వి, ఇంటికొస్తే గోడ మాదిరి కూర్చొనేవాడు. నేను ఏడ్చినా ఒకటే, నవ్వినా ఒకటే. మూడేళ్లు పొడులు మింగినాడు కడుపుకు. డాక్టరు గాలి మార్చమంటే మల్లన్న మందతో ఒక నెల కొండకు పోయినాడు. తిరిగొచ్చిన రోజు అన్నం ముందు కూర్చొని, 'ఏందే ఇది, ఇంత పులుపా!' అని అరిచినాడు. నేను పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చినా సంతోషంతో. మాట్లాడినాడు గదా!"

"కమ్మలు?"

"ఒక్కోసారి గుర్తొస్తాయి. పెళ్లిళ్లకు పోయినప్పుడు. రావని అబద్ధం చెప్పను. వాన పడితే ఆ మూల కారుతుంది, అప్పుడు ఆయన్ని తిడతా. ఆయనా తిడతాడు. తర్వాత ఇద్దరం బిందె పెడతాం దాని కింద."

పొద్దున్నే మరిదితో మంద దగ్గరికి పోయినా. "వదినగా అడుగుతున్నా. మా అన్నకు ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పినా మీ అన్న ఎన్ని గొర్రెలు అంటాడు."

"ఎన్ని?"

"నలభై ఒకటి. పేర్లు చెప్పమంటావా?" నిజంగానే మొదలుపెట్టినాడు. పన్నెండో పేరు కాడ ఆపి, "ఎనిమిదేళ్లు గజాలు గజాలు కొలిచినా వదినా. కొన్నవాళ్లల్లో ఒక్క మొహం గుర్తులేదు నాకు," అన్నాడు. చెయ్యి పొట్ట మీద లేదు. చెవి వెనక గోకుతోంది, ఏదో ముసలి గొర్రెకు.

తిరిగొచ్చినాక

గురువారం దిగినాం మార్కాపురం రోడ్డులో. అత్త ఈసారి చెంబు పల్లెలోనే నింపుకుంది.

దారిపొడుగునా ఆలోచించినా. అంతా బాగుంది, ఇల్లు నిండా ఇత్తడే అని చెప్తే సరిపోతుంది. చూసింది నిజమే గదా, ఒక పూట చూసినా. కానీ ఆ అబద్ధం చెప్తే రత్నం మళ్లీ మళ్లీ ఊరంతా తిరిగి బిందెలు అడగాల్సొస్తుంది.

అన్న గల్లా ముందున్నాడు. ముందు అడిగింది ఇదే. "కష్టంలో ఉందా లేదా?"

ఉన్నదున్నట్టు చెప్పినా. గడ్డికప్పు, కొర్రన్నం, వేపపుల్లలు, కుంటి గొర్రె, పోట్లాట. అరువు బిందెల దగ్గరికొచ్చేసరికి అన్న మొహం ఎర్రబడింది.

"పుట్టింటివాళ్ల ముందు అరువు సామాను పెట్టుకునే గతి పట్టిందా నా చెల్లెలికి! రేపే గది తాళాలు తీసుకుంటా. బండి కట్టిస్తా."

"గతి కాదన్నా," అన్నాను. "భయం. మనం వచ్చి తోలుకుపోతామని."

"మనమంటే?"

"నువ్వు."

అన్న చేతిలో తక్కెడ కొక్కేనికి తగిలించినాడు. దాని పళ్లేల వైపే చూసినాడు, అవి ఊగడం ఆగేదాకా.

"నేనెత్తుకొని తిప్పిన పిల్ల," అన్నాడు. "నన్ను చూసి భయపడి ఊరంతా తిరిగిందా?"

నేను చూసొచ్చిందంతా ఆ మాటలోనే ఉంది. కాసేపటికి గుమాస్తాను పిలిచి, పలకల గది మాకొద్దని చెప్పిరమ్మన్నాడు. ఆపైన నా వైపు తిరగకుండానే, "కప్పుకు గడ్డి పంపాల్నా? కమ్మలు చేయించాల్నా?" అన్నాడు.

"ఏమీ పంపొద్దు. నువ్వే పో."

"పోయి ఏం చేయాల?"

"ఏమీ చేయొద్దన్నా. రెండు రోజులు కూర్చొనిరా."

పని లేకుండా ఒక ఊరికి పోవడమనేది మా అన్నకు యాభై ఏళ్లలో తెలియదు. వసూలుకో, సరుకుకో, సంబంధానికో తప్ప గడప దాటింది లేదు. ఎట్ల పోవాల్నో నిజంగానే అర్థం కాలేదు ఆయనకు.

"మరి పోయినాక, ఎందుకొచ్చినావని వాళ్లడిగితే ఏం చెప్పాల?"

"ఊరికే చూసిపోదామని వచ్చినా, అని చెప్పు."

అప్పుడే ఎవరో బేరానికొచ్చి వీశె బెల్లం అడిగినాడు. అన్న తక్కెడ ఎత్తినాడు, రాయి వేసినాడు, బెల్లం పెట్టినాడు. పెదాలు కదులుతున్నాయి. ధర చెప్తున్నాడేమో అని ఆ మనిషి చెవి దగ్గరికి పెట్టినాడు.

"ఊరికే," అంటున్నాడు మా అన్న తనలో తాను, తడుముకుంటా, నేను ఎల్లమ్మ పేరు కూడబలుక్కున్నట్టు. "ఊరికే... చూసిపోదామని... వచ్చినా."